మెదడు ట్యూమర్ల సర్జరీని వృత్తిగా ఎంచుకోవడం గురించి

ప్రశ్న (హౌస్ సర్జన్, విజయనగరం)

పెద్దలందరికీ నమస్కారం. మాది గజపతినగరం దగ్గర ఒక ఊరు. న్యూరోసర్జరీ చదివి, అందులోనూ మెదడు ట్యూమర్ల మీదే పనిచేయాలని నా కోరిక. ముప్పై దాటేదాకా చదువేనా అని అమ్మ బెంగపెట్టుకుంటున్నారు. నాన్నగారు నీ ఇష్టమే అంటున్నారు. దారి ఎలా ఉంటుందో, రోజూ చేసే పని నిజంగా ఏమిటో, చదువయ్యాక మన జిల్లాలకు తిరిగి రావడం సాధ్యమో కాదో అనుభవజ్ఞులు చెప్పగలరా?

సమాధానం (న్యూరోసర్జన్, విశాఖపట్నం, సొంతూరు రాజాం వైపు)

అమ్మా, దారి సంగతి త్వరగా తేలిపోతుంది. ఎం.ఎస్. జనరల్ సర్జరీ మూడేళ్లు, ఆపైన న్యూరోసర్జరీలో ఎం.సిహెచ్. అనే ఉన్నత డిగ్రీ మూడేళ్లు, లేదా ఎం.బి.బి.ఎస్. అయ్యాక నేరుగా ఆరేళ్ల కోర్సు, అది కొన్ని సంస్థల్లోనే ఉంది. ఏ దారిలో వెళ్లినా మీ అమ్మగారి లెక్క సరైనదే. ఆ తర్వాత ట్యూమర్లలో ప్రత్యేక శిక్షణకు ఇంకొంత కాలం పడుతుంది.

పని గురించి కాస్త వివరంగా చెప్పాలి. మెనింజియోమా అనే ట్యూమర్ మెదడును కప్పి ఉంచే పొరల నుంచి పుట్టి, మెదడును పక్కకు నెడుతుందే గాని సాధారణంగా లోపలికి చొరబడదు. దాన్ని పూర్తిగా తీయగలిగితే చాలామంది తిరిగి తమ పనుల్లో పడతారు. మెదడు లోపలి కణాల నుంచే పుట్టే గ్లయోమా అలా కాదు. దానికీ మెదడుకూ మధ్య గట్టు ఉండదు. మైక్రోస్కోపు కింద మామూలుగా కనిపించే భాగంలోనూ దాని కణాలు ఉంటాయి కాబట్టి, ఎంత తీయాలనే దానికన్నా ఎక్కడ ఆపాలనేదే అసలు నిర్ణయం. ఇంకొంచెం తీస్తే రోగికి కొన్ని నెలలు కలిసిరావచ్చు, లేదా కుడి చెయ్యి పడిపోవచ్చు. ఆ నిర్ణయం నేర్చుకోవడానికే ఇన్నేళ్ల చదువు అని నేను నమ్ముతాను.

వీటిలో అతి కఠినమైనది గ్లయోబ్లాస్టోమా. సర్జరీ తర్వాత ఆరు వారాల పాటు 30 విడతల్లో మొత్తం 60 గ్రేల (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలత) రేడియేషన్, దానితోపాటు టెమోజోలమైడ్ అనే కీమోథెరపీ మాత్రలు ఇస్తాం. 2005లో వెలువడిన అధ్యయనంలో ఆ మాత్రలు చేర్చడం వల్ల మధ్యస్థ ఆయుర్దాయం (రోగుల్లో సగం మంది బతికి ఉండే కాలం) 12.1 నెలల నుంచి 14.6 నెలలకు పెరిగింది. నేటి వైద్యానికి ఇప్పటికీ అదే పునాది. అంటే మీరు ఎంత బాగా ఆపరేషన్ చేసినా, ఆ కుటుంబానికి నిజం చెప్పవలసిన బాధ్యత కూడా మీదే.

తిరిగి రావడం గురించి: ఈ సర్జరీకి మంచి మైక్రోస్కోపు, స్కాన్ల ఆధారంగా మెదడులో దారి చూపే న్యూరోనావిగేషన్, రాత్రీపగలూ నడిచే సీటీ, ఎంఆర్ఐ, ఐసీయూ, తీసిన ముక్కను పరీక్షించే అనుభవమున్న పాథాలజిస్టు, దగ్గరలో రేడియేషన్ చికిత్స ఉండాలి. జిల్లా కేంద్రంలో చేరిన న్యూరోసర్జన్‌కు వచ్చే కేసుల్లో ఎక్కువ భాగం హైవే ప్రమాదాల్లో తలకు తగిలిన దెబ్బలే. ట్యూమర్లు మాత్రమే చూస్తానంటే కుదరదు. విశాఖలో ఆపరేషన్లు, శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో వారానికొక రోజు ఓపీ అనే పద్ధతి సాధ్యం, అవసరం కూడా.

సమాధానం (న్యూరో అనస్థీషియా వైద్యుడు)

డాక్టరు గారు చెప్పిన 'ఎక్కడ ఆపాలి' అన్నదానికి ఒక ఉదాహరణ చేరుస్తాను. ట్యూమర్ మాటను నడిపే భాగానికి ఆనుకుని ఉంటే, రోగిని మెలకువగా ఉంచి ఆపరేషన్ చేస్తాం. మెదడు కణజాలానికి నొప్పి తెలియదు. తల చర్మానికి మాత్రం మత్తు సూదులు వేస్తాం. సర్జన్ చిన్న విద్యుత్ ప్రేరణ ఇస్తుండగా, రోగి ముఖం దగ్గర కూర్చున్నవారు బొమ్మల కార్డులు చూపిస్తూ పేర్లు అడుగుతారు. సోంపేట వైపు కొబ్బరి రైతు ఒకాయన చెంబు, నాగలి, కొబ్బరిచెట్టు అని చకచకా చెప్తూ, ఒక చోట ప్రేరణ ఇవ్వగానే పెదవులు కదులుతున్నా మాట రాక ఆగిపోయారు. ప్రేరణ తీయగానే "గొడ్డలి" అన్నారు. అది మాటకు అవసరమైన చోటని తెలిసి, సర్జన్ అక్కడ చిన్న గుర్తు పెట్టి పక్కకు జరిగారు. ఆయన ఇంట్లో ఒడియా మాట్లాడతారని ముందే తెలుసుకున్నాం కాబట్టి రెండు భాషల్లోనూ పరీక్షించాం. ఇచ్ఛాపురం నుంచి వచ్చే రోగులతో పనిచేయాలనుకునేవారు వారి ఇంటి భాషను అడిగి తెలుసుకోవడం వైద్యంలో భాగమే.

సమాధానం (రోగి అన్నయ్య, పలాస)

డాక్టరమ్మా, మా చెల్లికి పక్కల నుంచి వచ్చే బండ్లు కనిపించేవి కావు. కళ్లద్దాలు మార్చారు, మళ్లీ మార్చారు. చివరికి ఒక కంటి డాక్టరు గారు చూపు హద్దులు పరీక్షించి స్కాన్ రాస్తే, మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథిలో ట్యూమర్ అని తేలింది. ముక్కు ద్వారా ఎండోస్కోపుతో తీశారు. చూపు చాలావరకు తిరిగి వచ్చింది. మా వైపు మూర్ఛ వస్తే గాలి సోకిందని, తలనొప్పి వస్తే వేడి చేసిందని ఊరుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. 2007లో ఆరోగ్యశ్రీ మొదట అమలైన మూడు జిల్లాల్లో మన శ్రీకాకుళం ఒకటి. ఖర్చుకు ఆసరా దొరికింది గాని, జబ్బును మొదట్లోనే పసిగట్టి పంపేవాళ్లు దగ్గరలో లేరు. మీరు వారానికొక రోజు వచ్చినా మాకు చాలు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. డాక్టరు గారూ, ఈ పని నాకు సరిపడుతుందో లేదో పీజీలో చేరకముందే తెలుసుకోవడానికి ఏం చేయమంటారు?

సమాధానం (న్యూరోసర్జన్, విశాఖపట్నం)

ఆపరేషన్ థియేటర్ ఎవరికైనా నచ్చుతుందమ్మా. హౌస్ సర్జన్సీ అయ్యాక, అనుమతి తీసుకుని ఏదైనా న్యూరోసర్జరీ విభాగంలో కొన్ని వారాలు ఉండండి. బయాప్సీ రిపోర్టు వచ్చిన రోజున సర్జన్ ఆ కుటుంబంతో మాట్లాడే గదిలో ఒక పక్కన నిలబడి వినండి. మరుసటి ఉదయం వార్డు రౌండ్‌కు, అదే మంచం దగ్గరికి వెళ్లాలని మీకు అనిపిస్తే దరఖాస్తు పెట్టండి.