ధర పెరిగితే బియ్యం ఎగుమతులు మళ్లీ ఆపాలా?

మిల్లు గుమస్తా, కాకినాడ:
2023 జూలై 20న బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని కేంద్రం నిషేధించింది. ఏడాది దాటాక, 2024 సెప్టెంబర్ 28న ఎత్తేసింది. రేపు వానలు ముఖం చాటేస్తే మళ్లీ ఇదే చేస్తారు. నేనైతే వద్దంటాను. ప్రపంచ బియ్యం వ్యాపారంలో దాదాపు 40 శాతం మనదే. మనం రాత్రికి రాత్రి షట్టర్ దించేస్తే కొనేవాళ్లు వియత్నాం, థాయ్‌లాండ్ వైపు పోతారు. పోయినవాళ్లందరూ తిరిగి రారు.

కూకట్‌పల్లి గృహిణి:
మీకు వ్యాపారం, మాకు నెల బడ్జెట్. వానలు తగ్గే ఎల్‌నినో ఏడాదిలో ధర పెరుగుతుంటే ప్రభుత్వం చేతులు కట్టుకుని కూర్చోవాలా?

మిల్లు గుమస్తా:
అమ్మా, కాకినాడలో ఓడెక్కేది మీరు వండుకునే సోనా మసూరి కాదు. ఎక్కువగా దొడ్డు రకాలు, బాయిల్డ్ (ఉప్పుడు బియ్యం), నూకలు. పోయేది బెనిన్, సెనెగల్ లాంటి దేశాలకు. నిషేధంతోనే ధర దిగి ఉంటే, 2024 ఫిబ్రవరిలో కేంద్రమే కిలో 29 రూపాయలకు 'భారత్ రైస్' అమ్మాల్సిన అవసరం ఎందుకొచ్చింది?

డాలస్ బ్యాచిలర్:
నిషేధం పెట్టిన వారం ఇక్కడి ఇండియన్ స్టోర్లలో మనవాళ్ల తోపులాట చూడాల్సింది! మనిషికి ఒక్క బస్తానే అని బోర్డులు పెట్టారు. అయినా మేం నాలుగు డాలర్లు ఎక్కువ పెట్టి కొనుక్కోగలం. సెనెగల్లో నూకలు తినేవాళ్ల సంగతి? నూకల మీద నిషేధం 2022 సెప్టెంబర్ నుంచి 2025 మార్చి దాకా ఉంది.

కౌలు రైతు, కోనసీమ:
తెల్లబియ్యం నిషేధం పెట్టిన ఏడు సాధారణ రకం వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 2,183. మా లెక్కలో 75 కిలోల బస్తాకు 1,637. కాగితాల్లో పేరు భూమి ఆసామిది, అప్పు నాది. కొనుగోలు కేంద్రం చుట్టూ తిరగలేక కళ్లంలోనే అమ్మేస్తాం. బయట గిరాకీ ఉన్నప్పుడు బేరగాడు తేమ ఊసెత్తడు. లేదంటే 17 శాతం దాటింది, తాలు ఉంది, రంగు మారింది అంటూ వంకలన్నీ బయటికొస్తాయి. నిషేధమంటే మాకు అదీ.

కరీంనగర్ బోరు రైతు:
ఎగుమతి ఉండాలి, సరే. కానీ మా యాసంగి వడ్లు ఎండకు పగిలి నూక ఎక్కువవుతుంది, అందుకే బాయిల్డ్ చేస్తారు. కేంద్రం తరఫున బియ్యం సేకరించే ఎఫ్‌సీఐ బాయిల్డ్ తీసుకోనంటే 2022లో ఎంత గొడవైందో మర్చిపోయారా? కిలో బియ్యానికి వేల లీటర్ల నీళ్లు పోస్తున్నాం. ఓడకెక్కించేటప్పుడు ఆ నీటికి ఎవరూ ధర కట్టడం లేదు.

కూకట్‌పల్లి గృహిణి:
పోనీ, నిషేధం బదులు సుంకం? 2023 ఆగస్టులో బాయిల్డ్ మీద 20 శాతం వేశారుగా.

మిల్లు గుమస్తా:
ఆ 20 శాతంలో ఎక్కువ భాగం మిల్లరు వడ్ల ధరలోనే కోస్తాడు. లెక్కలు రాసేవాణ్ని, చెబుతున్నా. ఆపాల్సిందే అయితే నారు పోయకముందే చెప్పాలి. జూలై 20కి ఎంతోమంది నారు పోసేశారు, కొందరు నాట్లూ వేసేశారు.

కౌలు రైతు, కోనసీమ:
ముందే చెప్పినా ఏం చేయమంటారు? సార్వాలో మా చేలో మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయి. వరి కాకుండా అక్కడ ఇంకేం బతుకుతుందో మీరే చెప్పండి.