వయోజన విద్య: మాట్లాడటానికి కొలత ఏంది?

ప్రశ్న (కావలి): సాయంత్రం కేంద్రంలో 12 మంది ఆడవాళ్లున్నారు. ఉల్లాస్ (కేంద్ర ప్రభుత్వ వయోజన అక్షరాస్యత కార్యక్రమం) పరీక్షలో చదవడం, రాయడం, లెక్కలు తలా 50, మొత్తం 150 మార్కులు. మాట్లాడటానికి విడిగా లేవు. మనమే కొలత పెట్టుకోవాలంటే ఎట్టా అన్నా?

జవాబు (ఒంగోలు): "బాగా మాట్లాడింది" అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదమ్మా. ఒక పని ఇవ్వండి: పింఛను అందలేదని సచివాలయంలో చెప్పాలి. వచ్చిన పని ముందే చెప్పిందా? పేరు, ఊరు, ఏ నెలదో వరసగా వచ్చాయా? ఎదుటి మనిషికి తగ్గ మాట, గొంతు ఉన్నాయా? అర్థం కాలేదంటే మాట మార్చి చెప్పిందా? అమెరికా వయోజన విద్యలోని 'ఎక్విప్డ్ ఫర్ ద ఫ్యూచర్' ప్రమాణాల్లో మాట్లాడటానికి ఉన్నదాని సారమూ దాదాపు ఇదే. ఈ నాలుగు ప్రశ్నల్లో చివరిదే అసలైంది, చాలామంది చూడకుండా వదిలేసేదీ అదే. వినేవాళ్లు కావాలనే "ఏ నెలది?" అని మళ్లీ అడగాలి. అదే వాక్యం గట్టిగా అంటే 1 మార్కు. "దసరా నెలది సార్, దాని ముందుది వచ్చింది" అని మార్చి చెబితే 2 మార్కులు.

జవాబు (పొదిలి): యాసకు మార్కులు కోయొద్దు. "యాడ", "ఎట్టా" తప్పులు కావు. వినేది టీచరైతే విషయం ముందే తెలుసు గనక సగం మాటకే తలూపుతారు, మార్కు ఊరికే పెరుగుద్ది. బయటి మనిషిని కూర్చోబెట్టండి. ఎన్నిసార్లు మాట అందించారో గీతలు పెట్టుకోండి. 5 గీతలు నెల తిరిగేసరికి 1కి తగ్గితే అదే ఎదుగుదల.

ప్రశ్న (కావలి): నోరే విప్పనివాళ్లకి?

జవాబు (పొదిలి): గుంపు ముందు పెట్టొద్దు. తోడుమనిషితో 2 నిమిషాలు, రెండు వారాలు. ఆ తర్వాతే మార్కు.