అప్‌డేట్: రైల్లో పుట్టినరోజు, చివరికి ఏం జరిగిందంటే

జర్మనీలో చదువుతున్నాను, పుట్టినరోజుకి ఒక్కడినే ప్రాగ్ వెళ్తున్నాను, దిగులు లేకుండా ఎలా గడపాలి అని అడిగాను కదా. వెళ్లొచ్చాను.

డ్రెస్డెన్ దాటి రైలు ఎల్బే నది ఒడ్డున పోతుంటే రాత్రి 8:30కే ఫోన్ మోగింది. వేసవిలో ఇండియాతో తేడా మూడున్నర గంటలే. ఒడిశాలోని మా పర్లాకిమిడిలో అప్పుడే పన్నెండు కొట్టింది. అమ్మ పరమాన్నం గిన్నె కెమెరాకి ఆనించేసరికి స్క్రీనంతా ఆవిరి. పక్కనే పొరుగింటి ఒడియా పిన్ని పంపిన ఖిరి. (రెండూ ఒకటే అంటే ఇద్దరూ ఒప్పుకోరు!)

ఎదుటి సీట్లో జర్మన్ పెద్దావిడకి సంగతి చెప్పాను. తేదీ మారకముందే శుభాకాంక్షలు చెబితే వాళ్లకి అపశకునమట, నోరు మెదపలేదు. దిగేటప్పుడు మాత్రం ఓ చాక్లెట్ చేతిలో పెట్టి, ‘రేపే తిను’ అంది.

పాస్‌పోర్టుతో పాటు రెసిడెన్స్ పర్మిట్ కూడా ఉంచుకోమన్నవారికి థాంక్స్. తిరుగు ప్రయాణంలో పోలీసులు రెండూ అడిగారు.