పాత్రో అనగానే ఒడియావాళ్లని ఎలా తేలుస్తారు?

కిమిడి కాపురం:
ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి రాస్తున్నాను. మా ఇంట్లో తెలుగే. ఇంటిపేరు వేరే ఉంది, పేరు చివర పాత్రో. తాత రికార్డుల్లో ఇంటిపేరు పొడి అక్షరంగా మిగిలింది, నాన్న దగ్గరికి వచ్చేసరికి అదీ పోయింది. ఇప్పుడు ఆధార్‌లో అందరం పాత్రోలమే. పక్కనే ఆంధ్రలో ఉన్న పాతపట్నంలో మా పెదనాన్న పిల్లలు ఇంటిపేరుతోనే ఉన్నారు. ఒకే తాత మనవలం, కాగితాల మీద చూస్తే చుట్టాలం కూడా కాదు. పాత్రో అని ఉన్నంతమాత్రాన ఒడియావాళ్లమైపోతామా?

సిక్కోలు చిన్నోడు:
పాత్రో ఒడియా పేరే. ఇందులో చర్చ ఏముంది?

బరంపురం బాబాయ్:
తొందరపడకు అబ్బాయ్. మా ఊరి ఎ.పి.పాత్రో పేరు విన్నావా? జస్టిస్ పార్టీ ఆయన, 1921 నుంచి 1926 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో విద్యామంత్రి. ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టింది ఆయన హయాంలోనే. పూర్తి పేరు అన్నెపు పరశురామదాసు పాత్రో. ఇంటిపేరు ముందు, పాత్రో వెనక. నర్సీపట్నం వైపు చింతకాయల అయ్యన్నపాత్రుడు పేరూ అదే వరసలో ఉంది కదా! ఆయన ఇంటిపేరు పాత్రుడు అని ఎవరైనా అంటారా? ఒడియా పద్ధతిలో ఇంటిపేరు చివర వస్తుంది. మన పేరు వాళ్ల ఫారంలోకి ఎక్కేసరికి చివర ఉన్నదే ఇంటిపేరైపోతుంది, అసలుది గాల్లో కలుస్తుంది. అలాగని ఒడియాల్లో పాత్రోలు లేరనడం లేదు, బోలెడు మంది ఉన్నారు. వాళ్లూ అంతా ఒకే కులం కాదు.

సిక్కోలు చిన్నోడు:
ఆయన ఇంట్లో తెలుగే మాట్లాడేవాడని రుజువేంటి?

బరంపురం బాబాయ్:
అన్నెపు అనేది ఒడియా ఇంటిపేరులా కనిపిస్తోందా నీకు?

సిక్కోలు చిన్నోడు:
నేనడిగింది అది కాదు.

జయపురం అల్లుడు:
మనుషుల గొడవ సరే, ఊళ్ల మాటేంటి? కొరాపుట్ జిల్లా జయపురానికి పంపిన మా పచ్చళ్ల పార్సిల్ రాజస్థాన్ జైపూర్ తిరిగొచ్చింది. ఆవకాయ నూనె కారి డబ్బా మీద అడ్రసే చెరిగిపోయింది.

కోట వీధి:
గజపతి పేరూ అంతే. పూరీ రాజుగారు గజపతి, మా పర్లాకిమిడి రాజావారు గజపతి, విజయనగరంలో పూసపాటి గజపతిరాజులు. పేరు కలిసిందని ముగ్గురినీ ఒక ఇంట్లో కట్టేస్తామా? మా జిల్లాకి 1992లో పెట్టింది కృష్ణచంద్ర గజపతి గారి పేరు.

సిక్కోలు చిన్నోడు:
పేరు ఒక్కటే అయితే నాకేం బాధ లేదు. మా మేనత్తని ఒడిశాలో ఇచ్చారు. ఆమె పోయినప్పుడు దినం కార్డు మొత్తం ఒడియాలో వచ్చింది. ఫొటో కూడా వేయలేదు. మేనత్తో మావయ్యో తెలియక అమ్మ ఏడుస్తూనే ఫోన్ చేసి కనుక్కుంది. కార్డు వేయించింది సొంత కొడుకులే. అలాంటివాళ్లని తెలుగువాళ్లని ఎలా అనమంటారు?

కిమిడి కాపురం:
సరే, ఇక దాచడం ఎందుకు. మా అమ్మాయికి టెక్కలి సంబంధం వచ్చింది. జాతకాలు కలిశాయి, కట్నం మాటే లేదు. బయోడేటాలో పాత్రో చూసి "ఒడియావాళ్ల పిల్ల మాకెందుకు" అని మధ్యవర్తితో చెప్పించారు. ఇంటిపేరూ గోత్రమూ ఫోన్‌లో చెప్పాను, "అవన్నీ ఇప్పుడు చెప్తున్నారు" అన్నారట. నేనేదో కులం మార్చి చెప్పినట్టు!

సిక్కోలు చిన్నోడు:
అమ్మాయికి తెలుగు చదవడం వచ్చా?

కిమిడి కాపురం:
రాదు. మాట్లాడడం నీకంటే శుభ్రంగా వచ్చు. బడిలో తెలుగు పంతులుగారు రిటైరయ్యాక ఇంకొకరు రాలేదు, ఎవరితో నేర్పించమంటావు? 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడినప్పుడు మా పర్లాకిమిడి రాజావారి ఎస్టేటు కొంత ఇటు, కొంత అటు పడింది. మా ఇల్లు ఎటుండాలో మా తాతని అడిగి గీశారా? ఇక్కడ ఆఫీసుకెళ్తే "నువ్వు తెలుగోడివి", అక్కడ పెళ్లి మాటల దగ్గర "నువ్వు ఒడియావాడివి". చెరో పక్కా తోసేస్తుంటే పేరు మీద చర్చ పెట్టుకున్నాను, అంతే.

కోట వీధి:
అఫిడవిట్ చేయించి గెజిట్‌లో వేయిస్తే పాత ఇంటిపేరు తిరిగి పెట్టుకోవచ్చు.

కిమిడి కాపురం:
అమ్మాయి సర్టిఫికెట్లన్నీ మార్చాలి. ఆ టెన్షన్ పడి మార్చినా, పేరు ఎందుకు మార్చారని ఇంకో అనుమానం మొదలవుతుంది. నేను మార్చను.

బరంపురం బాబాయ్:
రాయగడలో మావాళ్ల అబ్బాయి ఒకడున్నాడు, సంబంధాలు చూస్తున్నారు. వాళ్లూ పాత్రోలే, ఇంట్లో తెలుగే. అసలు ఇంటిపేరు ముసలాయన్ని అడిగి కనుక్కోవాలి. మీ గోత్రం మెసేజ్‌లో పెట్టండి. రెండూ ఒకటే అయితే మీరు అన్నదమ్ములవుతారు, కుదరదు.