తనియావర్తనంలో లేచి క్యాంటీన్‌కి వెళ్తే తప్పేంటి?

రేవుగాలి:
పోయిన క్రిస్మస్ వారంలో నాలుగు రోజులు చెన్నై వెళ్లాం. కచేరీలు మా ఆవిడ కోసం, తిండి నా కోసం. తెల్లారకముందే మైలాపూర్ మాడవీధుల్లో ముగ్గులు, భజన గోష్ఠులు చూసి ఫిల్టర్ కాఫీ తాగితే ఆ హాయే వేరు. మధ్యాహ్నం కచేరీలు చాలా సభల్లో, అంటే కచేరీలు పెట్టే సంస్థల్లో, ఉచితం. సాయంత్రానికి మాత్రం టికెట్ కొన్నాను. పాట ఆపి మృదంగం ఒక్కటే వాయించే తని (తనియావర్తనం) మొదలవగానే కీరై వడ, అదే ఆకుకూర వడ, తిందామని లేచాను. పక్కాయన తమిళంలో ఏదో గట్టిగానే అన్నాడు. సగం హాలు లేచింది కదా, నన్నొక్కణ్ణే అనడమేంటి?

తాళంచెవి:
తని ఇంటర్వెల్ కాదండీ. గాయకుడి వెనకాల రెండు గంటలు వాయించిన మనిషికి తనదంటూ దక్కేది ఆ పది పదిహేను నిమిషాలే. అప్పుడే మీకు వడ గుర్తొచ్చిందా?

ఇడ్లీపొడి:
కీరై వడ ఏ సభలో బావుంటుంది?

రేవుగాలి:
ఆలాపన మధ్యలో లేస్తే తప్పు, ఒప్పుకుంటా. తనిలో అందరూ లేస్తారు. పైగా టికెట్ నాది.

తాళంచెవి:
టికెట్ కుర్చీకి కొన్నారు, దాన్ని చప్పుడు చేయడానికి కాదు.

తెనాలిఘాటు:
అసలు చెన్నై దాకా ఎందుకు పోవాలి? త్యాగయ్య రాసింది తెలుగులో. అక్కడ సుఖం 'సుగం' అవుతుంది. డబ్బిచ్చి మరీ మన భాషని అలా వినాలా? మనకి విజయనగరంలో 1919లోనే సంగీత కళాశాల ఉంది, వాళ్ల మద్రాస్ మ్యూజిక్ అకాడమీ కంటే ముందే.

మైలాపూర్ కోడలు:
తెనాలి గారూ, తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. అందుకే పాటల పుస్తకాల్లో అక్షరం పక్కన 2, 3, 4 అని అంకెలు వేసుకుని నేర్చుకుంటారు. రాని భాష కోసం ఇంత పాటుపడేవాళ్లని వెక్కిరించడం దేనికి? మన వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు గారికి 1941లో సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది ఆ అకాడమీయే. మన ఊళ్లో మధ్యాహ్నం రెండింటికి కచేరీ పెడితే ఎంతమంది వస్తారో చెప్పండి.

తెనాలిఘాటు:
అంకెలు వేసుకున్నా సుగమే వినిపిస్తోందమ్మా.

ఇడ్లీపొడి:
వడ సంగతి ఎవరూ చెప్పరేం?

తాళంచెవి:
మీకు వడ తప్ప ఇంకేం పట్టదా! మా నాన్న ముప్పై ఏళ్లు మృదంగం వాయించారు, మన కోస్తాలోనే. కరపత్రంలో గాయకుడి పేరు పెద్దక్షరాల్లో వేసేవారు, నాన్న పేరు ఉంటే ఉండేది, లేకపోతే లేదు. ఆయన ఆఖరి కచేరీలో తని ఎత్తుకోగానే కుర్చీలు కిర్రుమన్నాయి. ఆయన తలెత్తి ఓసారి హాలు చూసి నాలుగు నిమిషాల్లో ముగించేశారు. ఇంటికొచ్చాక ఆ మాటే ఎత్తలేదు. తమిళంలో తిట్టాడని మీకు కోపం. మా ఊళ్లో అలా తిట్టేవాడు ఒక్కడున్నా బాగుండేది.

రేవుగాలి:
ఈ సంగతి తెలియక వాదించాను, ఏమీ అనుకోకండి. ఇప్పుడు నిజం చెప్తాను. నేను లేచింది వడ కోసం కాదు. నా చుట్టూ ముసలమ్మలు, స్కూలు పిల్లలు, అందరూ తొడ మీద తాళం వేస్తున్నారు. మా ఆవిడ కూడా. చేతులు ముడుచుకుని కూర్చున్నది నేనొక్కణ్ణే. పిలవని పెళ్లికి వెళ్లినట్టు అనిపించింది. క్యాంటీన్‌లో అయితే ఎవరూ లెక్క అడగరు కదా.

తాళంచెవి:
ఆ మాట మొదటే చెప్తే ఇంత గొడవ ఉండేది కాదు. ఆది తాళం ఎనిమిది లెక్క. అరచేత్తో ఒక దెబ్బ, తర్వాత చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు. మళ్లీ దెబ్బ, చేయి తిప్పడం, దెబ్బ, చేయి తిప్పడం. అంతే. చివర్లో ఒకే ముక్తాయింపు మూడుసార్లు వస్తుంది, అది ముగియగానే గాయకుడు మళ్లీ పాట అందుకుంటాడు. అంతదాకా ఉండి చూడండి. లెక్క తప్పినా పక్కవాళ్లు ఏమీ అనరు.

తెనాలిఘాటు:
ఎందుకనరు, అంటారు. తమిళంలో.