పాయింట్లు తగ్గించి "కార్డు ధర" పెట్టారు: బ్రిటన్ సూపర్‌మార్కెట్లలో మనం కొనే తీరు బాగుపడిందా, చెడిందా?

రెడింగ్_గోదారి (చర్చ మొదలు)

ముందు విషయం చెప్తాను, తర్వాత నా వాదన.

టెస్కో సూపర్‌మార్కెట్ కొనేవాళ్లకి పాయింట్లిచ్చే క్లబ్‌కార్డు 1995లో వచ్చింది. దాని మూల లెక్క తేలిక. పౌండుకి ఒక పాయింటు, 150 పాయింట్లు నిండితే 1.50 పౌండ్ల వోచరు, అది మూడు నెలలకోసారి వస్తుంది. టెస్కోలోనే వాడితే మనకి ఒక్క శాతం వెనక్కి వచ్చినట్టు. అసలు లాభం భాగస్వామి సంస్థల దగ్గర ఉండేది: రైల్‌కార్డు (రైలు టికెట్ల మీద తగ్గింపునిచ్చే కార్డు), సినిమా, హోటలు. అక్కడ వోచరు విలువ ఒకప్పుడు రెండింతలో నాలుగింతలో ఉండేది. 2018లో అందరికీ మూడింతలు చేశారు. 2023 జూన్ 14 నుంచి రెండింతలకి దించారు.

ఈలోగా 2019లో మొదలైన క్లబ్‌కార్డు ధరలు, అంటే కార్డు చూపినవాళ్లకే ఇచ్చే తక్కువ ధరలు, షెల్ఫులన్నీ ఆక్రమించాయి. ఇంకో సూపర్‌మార్కెట్ సెయిన్స్‌బరీస్ కూడా 2015లోనే తను ఇచ్చే నెక్టార్ కార్డు పాయింట్లు పౌండుకి రెండు నుంచి ఒకటికి తగ్గించి, 2023 ఏప్రిల్‌లో నెక్టార్ ధరలు తెచ్చింది. అంటే తర్వాత ఎప్పుడో ఇచ్చేది తగ్గించి, ఇప్పటికిప్పుడు ట్యాగు మీద ఇవ్వడం మొదలుపెట్టారు.

ఈ మార్పు వల్ల మనకి నష్టమే జరిగిందని నేనంటాను. పాయింట్ల రోజుల్లో మినప్పప్పు కొన్నా, మరుగుదొడ్డి కాగితం కొన్నా అదే ఒక్క శాతం. కాబట్టి ఏం కొనాలన్నది మన జాబితా తేల్చేది. ఇప్పుడు ట్యాగు తేలుస్తోంది. జాబితాలో లేని రెండు బిస్కెట్ పాకెట్లు, మూడో షాంపూ సీసా బుట్టలోకి ఎక్కుతున్నాయంటే కారణం అదే.

లెక్కలపుస్తకం

గోదారి గారూ, గౌరవంగానే విభేదిస్తాను. మీరు ఒక్క శాతాన్ని చాలా ఎక్కువగా చూస్తున్నారు.

పోటీ వ్యవహారాలు చూసే సీఎంఏ 2024 నవంబరులో ఇచ్చిన నివేదిక ఉంది. టెస్కో, సెయిన్స్‌బరీస్, మోరిసన్స్, కోఆప్, వెయిట్రోజ్‌లలో కార్డు ధర ఉన్న దాదాపు 50 వేల సరుకులు పరిశీలించారు. అందులో 92 శాతం సరుకుల్లో మామూలు ధర మీద తగ్గింపు నిజమేనని తేలింది. సగటు ఆదా 17 నుంచి 25 శాతం మధ్య. అదే నివేదిక కోసం జనాన్ని అడిగితే 55 శాతం మంది "మామూలు ధర పెంచి ఆ తర్వాత తగ్గిస్తున్నారు" అని నమ్ముతున్నారు. జనం అనుమానం ఒకవైపు ఉంది, పరిశీలనలో తేలింది ఇంకోవైపు ఉంది.

పాయింట్ల వైపు ఎంత పోయిందో కూడా చూద్దాం. రైల్‌కార్డునే తీసుకోండి. 30 పౌండ్ల కార్డుకి మూడింతల రోజుల్లో 10 పౌండ్ల వోచర్లు సరిపోయేవి, అంటే వెయ్యి పౌండ్ల సరుకులు. రెండింతలయ్యాక 15 పౌండ్ల వోచర్లు, 1,500 పౌండ్ల సరుకులు. 2025 మార్చిలో రైల్‌కార్డే 35 పౌండ్లయింది కాబట్టి ఇప్పుడు 1,750. నష్టమే, కాదనను. కానీ వెయ్యి పౌండ్ల ఖర్చు మీద మనం పోగొట్టుకున్నది 10 పౌండ్లు. ఆ వెయ్యిలో 200 పౌండ్ల సరుకు కార్డు ధరకి దొరికి, మామూలు ధర మీద 20 శాతం తగ్గినా 50 పౌండ్లు మిగిలినట్టే.

పప్పుచారు

ఆ 50 పౌండ్లు "మిగిలాయి" అనడంలోనే తిరకాసు ఉంది. ఆ 92 శాతం దేనితో పోల్చి చెప్పింది? అదే కొట్టు మామూలు ధరతో. పక్క కొట్టు ధరతో కాదు. కార్డు ధర ఉన్నంత మాత్రాన అదే అన్నిటికన్నా చవక అని అనుకోవద్దని, బయట కూడా చూడమని ఆ నివేదికే చెప్పింది.

మనవాళ్లు ఇక్కడ ప్రత్యేకంగా పొరబడడానికి ఒక కారణం ఉంది. మన దగ్గర పాకెట్ మీద ఎంఆర్‌పీ అచ్చు వేసి ఉంటుంది. డీమార్ట్ అయినా, సందు చివరి కిరాణా అయినా దానికి మించి తీసుకోకూడదు. అందుకని ఎంఆర్‌పీ కొట్టేసి కింద తక్కువ అంకె రాస్తే అది నిజంగా తగ్గింపే అని మన కళ్లు అలవాటుపడ్డాయి. బ్రిటన్‌లో ఎంఆర్‌పీ లేదు. ట్యాగు మీద పెద్ద అంకెని కూడా ఆ కొట్టే నిర్ణయిస్తుంది. దాన్ని ఎంఆర్‌పీలాగా చదవకూడదు.

ఒక ట్యాగు దగ్గర నిలబడి చూద్దాం. లెక్క కోసం వేసిన అంకెలివి. పొద్దుతిరుగుడు నూనె మూడు లీటర్ల డబ్బా, మామూలు ధర 7.50 పౌండ్లు, క్లబ్‌కార్డు ధర 6. పసుపు ట్యాగు మీద పెద్దగా కనపడేది ఆ 6. కింద మూలన చిన్న అక్షరాల్లో లీటరుకి 2 పౌండ్లు అని ఉంటుంది. రెండడుగులు పక్కకి జరిగితే కొట్టు సొంత బ్రాండు లీటరు సీసా 1.85. దానికి ట్యాగూ లేదు, రంగూ లేదు. ఒక్కోసారి రెండు ట్యాగుల మీద కొలతలు కూడా వేరుగా ఉంటాయి, ఒకదాని మీద లీటరుకి, ఇంకోదాని మీద 100 మి.లీ.కి. 18.5 పెన్నీలు అని చూసి అది లీటరుకి ఎంతవుతుందో నిలబడి గుణించేవాళ్లు ఎంతమంది?

పైగా మొన్నమొన్నటిదాకా క్లబ్‌కార్డు ధరకి ఈ యూనిట్ ధర కూడా వేసేవాళ్లు కాదు. 2023లో విచ్ అనే వినియోగదారుల సంస్థ గట్టిగా పట్టుకున్నాక టెస్కో వేయడం మొదలుపెట్టింది. తగ్గింపు నిజమా అబద్ధమా అన్న గొడవ కన్నా నాకు ఇదే ముఖ్యం. పోల్చుకునే అలవాటు పోయింది.

ఈస్ట్‌హామ్_వాసి

సోనామసూరి, కందిపప్పు, చింతపండు, ఇవి మనవాళ్లు ఎలాగూ ఇండియన్ కొట్లలోనే కొంటారు. వాటికి ఈ గొడవ అంటదు. తేడా వచ్చేది బట్టల సబ్బు, కాఫీ, డైపర్లు, నూనె, చాక్లెట్ల దగ్గర. పాలు, గుడ్లు, ఉల్లిపాయలకి ఆల్డీ అనే చవక సూపర్‌మార్కెట్‌కి వెళ్తే కార్డే అక్కర్లేదు, అక్కడ అందరికీ ఒకటే ధర. టెస్కోలో "ఆల్డీ ప్రైస్ మ్యాచ్" (ఆల్డీ ధరకే ఇస్తాం) అని రాసి ఉన్న సరుకులకి కూడా క్లబ్‌కార్డు అవసరం లేదు. చాలామంది ఆ ట్యాగుల్ని చూడకుండా దాటిపోతారు.

రెడింగ్_గోదారి

పుస్తకం గారూ, మీ లెక్క ఒప్పుకుంటున్నాను. కార్డు ధరకి కొన్న సరుకు మీద ఆదా ఒక్క శాతం కన్నా ఎక్కువే. కానీ మీ 200 పౌండ్ల సరుకు ఎలాగూ కొనాల్సినదే అయితేనే ఆ లెక్క నిలబడుతుంది. 5 పౌండ్ల కాఫీ 4కి వచ్చిందని నెలకి ఒక సీసాకి బదులు రెండు తీసుకుంటే, అక్కర్లేని 4 పౌండ్లు ఖర్చయినట్టే కదా.

ఆ నివేదికలోనే ఇంకో మాట ఉంది, మీరు వదిలేశారు. కార్డు ధరలొచ్చినా తాము కొనే కొట్టు మారలేదని 76 శాతం మంది చెప్పారు. దీన్నిబట్టి జనం ఏమీ మారలేదని కొందరు తేల్చేస్తారు. నాకు అలా కనిపించదు. కొట్టు మారలేదు, బుట్ట మారింది. పాయింట్లు మనల్ని ఒకే కొట్టుకి కట్టేసేవి, ఏం కొన్నా పట్టించుకునేవి కావు. ట్యాగు ఒక్కో బ్రాండు దగ్గర ఆపుతుంది. ఈ వారం ఒక కంపెనీ సబ్బు, పై నెల ఇంకో కంపెనీది.

కాఫీపొడి

కొట్టు మారినవాళ్లు కూడా ఉన్నారండీ, విమానం పాయింట్లవాళ్లు. 2021 జనవరిలో బ్రిటిష్ ఎయిర్‌వేస్ టికెట్లకి వాడే పాయింట్ల పథకం ఏవియోస్ టెస్కోని వదిలి నెక్టార్‌తో చేతులు కలిపింది. అప్పట్లో 400 నెక్టార్ పాయింట్లకి 250 ఏవియోస్. హీత్రూ నుంచి హైదరాబాద్‌కి నేరుగా వెళ్లేది బ్రిటిష్ ఎయిర్‌వేస్ కాబట్టి, ఏవియోస్ పోగేసే మనవాళ్లకి సెయిన్స్‌బరీస్‌కి మారడానికి బలమైన కారణం దొరికింది. చిన్న గుంపే, కానీ పాయింటు విలువ మారితే కొట్టు మారుతుందని ఇది చెప్తోంది.

ఇంకోటి, ఇది అందరూ గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. పాయింట్లు దాచుకోవద్దు. బ్యాంకులో డబ్బుకి ఉన్న భరోసా వీటికి లేదు, వీటి విలువ ఇచ్చినవాడి చేతిలో ఉంటుంది. 2018 జనవరి 15న టెస్కో ముందస్తు మాట లేకుండా అదే రోజు నుంచి మూడింతల కొత్త లెక్క అంది. నాలుగింతలొచ్చే చోట వాడదామని వోచర్లు పోగేసినవాళ్లు మండిపడ్డాక జూన్ 10కి వాయిదా వేసింది. 2023లో మూడు నెలల గడువు ముందే ఇచ్చారు. ఈసారి ఎంత ఇస్తారో చెప్పలేం. వోచరుకి రెండేళ్ల గడువు ఉంది కదా అని కూర్చోవద్దు. అలాగని అవసరం లేకుండా భాగస్వామి సంస్థ దగ్గర వాడే కోడ్‌గా మార్చేయవద్దు కూడా. ఆ కోడ్‌కి వేరే గడువు, వేరే షరతులు ఉంటాయి.

అమ్మమ్మ_చేతివంట

మీరంతా లెక్కల్లో ఉన్నారు, కార్డు లేనివాళ్ల సంగతేంటి? ఇండియా నుంచి ఆరు నెలలకి వచ్చిన అమ్మానాన్నలు నడుచుకుంటూ దగ్గర్లోని టెస్కో ఎక్స్‌ప్రెస్ అనే చిన్న కొట్టుకి వెళ్లి పెరుగు డబ్బా తెచ్చుకుంటారు. కార్డు లేకపోతే పెద్ద అంకే కట్టాలి. పాయింట్లున్నప్పుడు కార్డు లేనివాళ్లు ఒక్క శాతమే కోల్పోయేవారు. ఇప్పుడు కార్డు ధర ఉన్న సరుకుల మీద ఐదో వంతు నుంచి మూడో వంతు దాకా ఎక్కువ కడుతున్నారు. స్మార్ట్‌ఫోన్ వాడని పెద్దవాళ్లదీ, కార్డు తీసుకునే వయసు రాని పిల్లలదీ ఇదే పరిస్థితి. వీళ్లకి దారి చూపమని సీఎంఏ కూడా కొట్లకి చెప్పింది. పాలు, పెరుగు మీద రెండు ధరలు ఉండకూడదని నా ఖచ్చితమైన అభిప్రాయం.

ఒక ఉపాయం: ఫోన్ యాప్ ఒక్కటే దారి కాదు, క్లబ్‌కార్డుకి ప్లాస్టిక్ కార్డు, తాళాల గుత్తికి తగిలించుకునే చిన్న బిళ్ల కూడా ఉంటాయి. అడిగి తెప్పించి ఆ బిళ్ల ఇంటి తాళాలకి వేసేయండి. పెద్దవాళ్లు తాళాలు తీసుకెళ్తే కార్డు కూడా వెళ్తుంది.

లెక్కలపుస్తకం

అమ్మమ్మ గారి మాటకి నా దగ్గర జవాబు లేదు, ఆ విషయంలో మీరే కరెక్ట్. గోదారి గారి "బుట్ట మారింది" కూడా ఒప్పుకుంటాను. అయితే ట్యాగుని వదిలేయనక్కర్లేదు, ఇలా వాడుకోవచ్చు.

జాబితా ఇంట్లోనే రాయండి. అందులో పాడవనివి, అంటే సబ్బు, కాఫీ, నూనె, డైపర్లు వేరే పక్కన రాయండి. కార్డు ధర చూసి ఎక్కువ కొనడం ఆ పక్కనున్న వాటికే. ట్యాగు మీద ఆఖరి తేదీ ఉంటుంది, అది చూసి రెండు మూడు నెలలకి సరిపడా తీసుకోండి, అంతకు మించొద్దు. ట్రాలీ అనే యాప్‌లో పాత ధరల గ్రాఫు కనిపిస్తుంది. గ్రాఫులో అదే తక్కువ ధర మళ్లీ మళ్లీ కనిపిస్తే తొందరపడాల్సిన పనే లేదు.

చిన్న చిన్న బిల్లులు చేయకండి. పాయింటు నిండు పౌండుకే వస్తుంది. 4.80 పౌండ్ల బిల్లులు ఇరవై చేస్తే 80 పాయింట్లు, అదే 96 పౌండ్లు ఒక్కసారి కొంటే 96.

చివర్లో రసీదు. డబ్బు కట్టే ముందే కార్డు స్కాన్ అయిందో లేదో చూడండి. రసీదులో ప్రతి కార్డు సరుకు కింద తగ్గింపు మైనస్ గుర్తుతో వేరే వరుసలో వస్తుంది. గడువు అయిపోయినా షెల్ఫు మీద పాత ట్యాగు అలాగే ఉండిపోతే ఆ వరుస రాదు. అప్పుడు బయటికి వెళ్లకముందే ట్యాగు ఫోటో తీసి కస్టమర్ సర్వీస్ బల్ల దగ్గర చూపించండి.