ఎక్స్230లో కోర్‌బూట్: చదివిన ప్రతిసారీ చెక్‌సమ్ మారిపోతోంది, రాయొచ్చా?

లినక్స్_విజయవాడ:
థింక్‌ప్యాడ్ ఎక్స్230 ల్యాప్‌టాప్‌లో కంపెనీ బయాస్ (ఆన్ చేయగానే మొదట నడిచే ప్రోగ్రాం) బదులు కోర్‌బూట్ అనే ఓపెన్‌సోర్స్ ఫర్మ్‌వేర్ వేస్తున్నాను. పామ్‌రెస్ట్ తీసి, నల్ల సీహెచ్341ఏ ప్రోగ్రామర్‌కి (చిప్‌ని చదివి, రాసే పరికరం) ఎనిమిది కాళ్ల క్లిప్ తగిలించి, ఫ్లాష్‌రామ్ అనే సాఫ్ట్‌వేర్‌తో, ఫర్మ్‌వేర్ ఉండే రెండు చిప్‌లలో 8 ఎంబీ దాన్ని రెండుసార్లు చదివాను. రెండు ఫైళ్ల చెక్‌సమ్‌లు (ఫైల్‌లోని డేటా నుంచి లెక్కకట్టే గుర్తు సంఖ్యలు) కలవట్లేదు. 4 ఎంబీ చిప్ అసలు దొరకడమే లేదు. వైర్లు 30 సెం.మీ. పొడవు. చిప్‌లో రాయాల్సిన కోర్‌బూట్ ఫైల్ (ఇమేజ్) సిద్ధంగా ఉంది, ఇలాగే రాసేయొచ్చా? వైఫై కార్డు మార్చుకోవడమే నా అసలు అవసరం. వేరే కార్డు పెడితే పాత బయాస్ దాన్ని ఒప్పుకోక 1802 ఎర్రర్ చూపించి ఆగిపోతోంది.

టంకం:
రాయొద్దండీ. చదవడమే నిలకడగా లేనప్పుడు రాసింది సరిగ్గా పడిందో లేదో ఎలా తెలుస్తుంది? పైగా పాత బయాస్‌కి నమ్మదగిన కాపీ కూడా మీ దగ్గర లేదు.

ముందు వైర్లు మార్చండి. 30 సెం.మీ. చాలా ఎక్కువ, 10 దగ్గరికి తెండి. ఆ నల్ల ప్రోగ్రామర్‌తో ఇంకో ఇబ్బంది: చాలావాటిలో చిప్‌కి వెళ్లే కరెంటు 3.3 వోల్టులే అయినా డేటా లైన్లు 5 వోల్టుల్లో ఆడతాయి. చిప్‌తో పాటు చిప్‌సెట్‌కీ అది మంచిది కాదు. సెర్‌ప్రాగ్ ఫర్మ్‌వేర్ (ఫ్లాష్‌రామ్‌కి ప్రోగ్రామర్‌గా పనిచేయించేది) వేసిన రాస్ప్‌బెర్రీ పై పికో అనే చిన్న బోర్డు వాడండి, దాని లైన్లన్నీ 3.3 వోల్టులే.

ఛార్జర్, పెద్ద బ్యాటరీ, సీమాస్ బ్యాటరీ (బోర్డు మీది చిన్న గుండ్రటి బ్యాటరీ) మూడూ పీకేసి ఉండాలి. చిప్ మీద చుక్క ఉన్న మూల 1వ కాలు. 1 చిప్ సెలెక్ట్, 2 డేటా బయటికి, 4 గ్రౌండ్, 5 డేటా లోపలికి, 6 క్లాక్, 8 కరెంటు. 3, 7 కాళ్లని బోర్డే పైకి లాగి ఉంచుతుంది, వదిలేయండి. స్క్రీన్ వైపున్నది 4 ఎంబీ, మీ వైపున్నది 8 ఎంబీ. చిప్ దొరకడం లేదంటే ఎక్కువసార్లు క్లిప్ తిరగబడి ఉంటుంది, లేదా ఒక పక్క పళ్లు కాళ్లకి ఆనవు. చిప్ కాళ్లని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, క్లిప్‌ని నిటారుగా నొక్కి పెట్టండి. అయినా చెక్‌సమ్ మారుతుంటే వేగం తగ్గించి చూడండి.

గోదావరి_గట్టు:
చెక్‌సమ్‌లు కలిసినంత మాత్రాన సరిపోదు. క్లిప్ ఊడి ఉంటే ఫైలంతా ఎఫ్ఎఫ్‌లే (ఖాళీ బైట్లు) వస్తాయి, ఎన్నిసార్లు చదివినా చక్కగా కలుస్తాయి! 8 ఎంబీ ఫైల్ సైజు సరిగ్గా 8388608 బైట్లు ఉండాలి. హెక్స్ ఎడిటర్‌లో తెరిస్తే మొదటి 16 బైట్ల తర్వాత 5ఏ ఏ5 ఎఫ్0 0ఎఫ్ కనిపించాలి. అది ఇంటెల్ డిస్క్రిప్టర్ (చిప్‌లో ఏ భాగం ఎక్కడుందో చెప్పే పట్టిక) గుర్తు. అది లేకపోతే మీరు చదివింది చెత్తే.

ఇమేజ్ సిద్ధంగా ఉందన్నారు. డంపే (చిప్ నుంచి చదివిన కాపీయే) సరిగ్గా రాకపోతే ఆ ఇమేజ్‌లోని జీబీఈ (ల్యాన్ సెట్టింగులు) భాగం ఎక్కడిదండీ? ల్యాన్ పోర్టు మ్యాక్ అడ్రస్ ఉండేది అందులోనే. వేరేవాళ్లది అయితే 8 ఎంబీ చిప్‌లో వేయకండి.

అసలు మీ అవసరానికి ఆ చిప్‌ని ముట్టుకోనక్కర్లేదు. సీబీఎఫ్ఎస్ (కోర్‌బూట్ తన ఫైళ్లు పెట్టుకునే భాగం) సైజు 4 ఎంబీకి మించకుండా పెట్టి బిల్డ్ చేస్తే 12 ఎంబీ ఇమేజ్ వస్తుంది. అందులో చివరి 4 ఎంబీ కోసి స్క్రీన్ వైపు చిప్‌లో రాస్తే చాలు. వైఫై కార్డుల జాబితాను చూసి అడ్డుకునే పాత బయాస్ కోడ్ దాంతో పోతుంది. మేనేజ్‌మెంట్ ఇంజిన్‌ని (ఇంటెల్ చిప్‌సెట్‌లో విడిగా నడిచే ఫర్మ్‌వేర్) కుదించాలనుకుంటేనే 8 ఎంబీ వైపు వెళ్లండి. ఎటు వెళ్లినా రెండు చిప్‌ల డంపులూ పెన్‌డ్రైవ్‌లో దాచుకోండి.

బూట్_సెక్టార్:
రాసే ముందు ఇంకో సంగతి. కీబోర్డు, బ్యాటరీ, ఫ్యాన్ చూసుకునే ఎంబెడెడ్ కంట్రోలర్‌కి వేరే ఫర్మ్‌వేర్ ఉంటుంది, కోర్‌బూట్ దాన్ని మార్చదు. కంపెనీ బయాస్ అప్‌డేట్‌తోనే అదీ అప్‌డేట్ అవుతుంది కాబట్టి ఆ పని ఇప్పుడే కానివ్వండి. వేరే కంపెనీ బ్యాటరీని అడ్డుకునేది కూడా ఆ కంట్రోలరే. కోర్‌బూట్ వేస్తే ఆ అడ్డు తొలగుతుందని ఆశపడొద్దు.

కోర్‌బూట్ తర్వాత నడిచి సిస్టమ్‌ని బూట్ చేసే భాగాన్ని పేలోడ్ అంటారు. పాత బయాస్ పద్ధతిలో బూట్ చేసే సీబయాస్ పేలోడ్ పెడితే, కొత్త యూఈఎఫ్ఐ పద్ధతిలో ఇన్‌స్టాల్ చేసిన సిస్టమ్ బూట్ అవదు. ఫ్లాష్ పాడైందని కంగారుపడి మళ్లీ క్లిప్ పెట్టేవాళ్లు ఇక్కడే చాలామంది. జీపీటీ (కొత్త రకం పార్టిషన్ పట్టిక) డిస్కు అయితే 1 ఎంబీ బయాస్ బూట్ పార్టిషన్ చేసి, గ్రబ్ బూట్‌లోడర్‌ని బయాస్ పద్ధతిలో మళ్లీ వేయండి. విండోస్ యూఈఎఫ్ఐలో ఉంటే యూఈఎఫ్ఐ పద్ధతిలో బూట్ చేసే ఈడీకే2 పేలోడ్ తీసుకోండి.

మొదటిసారి ఆన్ చేసినప్పుడు మెమరీ ట్రైనింగ్ (ర్యామ్‌కి తగ్గట్టు సర్దుబాట్లు చేసుకోవడం) వల్ల కొన్ని సెకన్లు తెర నల్లగానే ఉంటుంది. ఒక నిమిషం ఆగండి. అప్పటికీ రాకపోతే ఒకే ర్యామ్ స్టిక్‌తో ప్రయత్నించండి.

లినక్స్_విజయవాడ:
ధన్యవాదాలండీ. పికోతో, 10 సెం.మీ. వైర్లతో 8 ఎంబీ చిప్ మూడుసార్లు ఒకే చెక్‌సమ్ ఇచ్చింది, 5ఏ ఏ5 కూడా కనిపించింది. 4 ఎంబీ దానికి క్లిప్ తిరగబడే ఉంది. ఇంకా ఏమీ రాయలేదు. కంట్రోలర్ అప్‌డేట్ కోసం అన్నీ మళ్లీ బిగిస్తున్నాను. తర్వాత ఒక్క 4 ఎంబీ చిప్‌లోనే రాస్తాను. ముందుముందు కొత్త వెర్షన్ వేయడానికి ప్రతిసారీ విప్పాలా?

టంకం:
అక్కర్లేదు. లినక్స్ కెర్నల్ ఆప్షన్లలో ఐవోమెమ్‌ని రిలాక్స్‌డ్‌గా పెట్టి (చిప్‌ని ముట్టుకోనివ్వడానికి) బూట్ చేసి, ఫ్లాష్‌రామ్ ఇంటర్నల్ ప్రోగ్రామర్‌తో (క్లిప్ లేకుండా ల్యాప్‌టాప్ లోపలి నుంచే) బయాస్ భాగం ఒక్కటే రాయండి. ఛార్జర్ మాత్రం పెట్టి ఉంచండి. క్లిప్, పికో పారేయకండి, మధ్యలో కరెంటు పోతే దిక్కు అవే.